కట్టు విప్పేదాకా పాపకు ఏం ఇవ్వవచ్చంటే

కాలికి కట్టుతో ఆరు వారాలు మంచం మీదే ఉండాల్సిన మీ ఎనిమిదేళ్ల పాపకు టీవీ తప్ప ఏమీ తోచడం లేదని, డబ్బు కట్టే యాప్‌లు వద్దని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, ఉచితంగానే చాలా ఉన్నాయి.

ముందు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ తెరవండి. తెలుగులో బొమ్మల కథలు బోలెడున్నాయి, అన్నీ ఉచితం. కథలకు 1 నుంచి 4 దాకా స్థాయిలు ఉంటాయి. 2తో మొదలుపెట్టండి. తడబడితే 1కి దిగండి, సిగ్గేం లేదు. నచ్చినవి డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే నెట్ లేనప్పుడూ చదువుకోవచ్చు. మా వాడికి తెలుగు చదవడం అలవాటైంది ఈ కథలతోనే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఫోన్ పక్కన పెట్టాక అరవింద్ గుప్తా గారి బొమ్మలు చేయించండి. పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు ఎలా చేయాలో ఆయన వెబ్‌సైట్‌లో ఫొటోలతో సహా ఉంది. మంచం మీద చేయడానికి అగ్గిపుల్లల ఆట బాగుంటుంది. పుల్లల మందు మీరే గీకేసి ఇవ్వండి. సైకిల్ వాల్వుకు తొడిగే సన్నటి రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోసి, వాటితో పుల్లలను కలపాలి. చతురస్రం చేసి నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది, త్రిభుజం మాత్రం కదలదు. ఎందుకో పాపనే ఆలోచించనివ్వండి.

బడి పాఠాలకు దీక్షా యాప్ చాలు. రోజుకు అరగంట మించి కూర్చోబెట్టకండి, పాపం నొప్పితో ఉంది.