మిద్దె మీది వాన, చిన్నవాడి పళ్లు

ప్రశ్న: ఇంజినీరు గారూ, మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు పల్లె. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని పరీక్షలో తేలింది. పెద్దపాప పళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాయి. చిన్నవాడికి రెండేళ్లు. కాచి తాగితే చాలని మా అత్తగారు అంటున్నారు. మాకు 600 చదరపు అడుగుల మిద్దె ఉంది, ఇంట్లో ఐదుగురం. వాననీళ్లు పట్టుకుని తాగవచ్చా?

జవాబు: తాగవచ్చమ్మా, తప్పకుండా తాగండి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు. వాననీటిలో అది దాదాపు ఉండదు.

శాశ్వత దంతాలకు పైపూత చిగుళ్ల లోపలే, సుమారు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. పాప పళ్ల మీద చార నీళ్లు మార్చినంత మాత్రాన పోదు. చిన్నవాడికి ఇంకా సమయం ఉంది. అందుకే ఈ ఏడాదే మొదలుపెట్టమని బతిమాలుతున్నాను.

మీ మిద్దె సుమారు 56 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే, ఇంకింది, చిందింది పోను 900 లీటర్లయినా చేతికొస్తాయి. మన జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో అలాంటి వానలు ఐదారు కురిస్తే 5,000 లీటర్ల ట్యాంకు ఇంచుమించు నిండుతుంది. తాగడానికి, అన్నం, పప్పు, టీలకు రోజుకు 25 లీటర్ల చొప్పున 200 రోజులు వస్తుంది. డిసెంబరు చివర నిండుగా ఉంటే జూలై దాకా దిగులు లేదు. కానీ ఆ ట్యాంకు నుంచి స్నానాల గదికి గొట్టం వేయించవద్దు. సంక్రాంతికే ట్యాంకు అడుగంటిన ఇళ్లు చాలా చూశాను, అన్నిచోట్లా కారణం అదే. బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లు చాలు.

మిద్దె నుంచి గొట్టం దిగేచోట మూడు మూతులుండే T ఆకారపు గొట్టం ముక్క ఒకటి బిగించి, కింది మూతికి మూత పెట్టించండి. వాన మొదలయ్యేటప్పుడు ఆ మూత తీసి ఉండాలి. పిట్టల రెట్ట, ఎండుటాకులు, దుమ్ము కలిసిన ఎర్రనీళ్లు ముందు పోతాయి. దోసిలి పట్టి చూసి, తేటగా వస్తున్నాయనుకున్నాక మూత బిగించండి. అక్కడి నుంచి కంకర, బొగ్గు, ఇసుక వరుసగా నింపిన డ్రమ్ములోకి, ఆపైన ట్యాంకులోకి. ట్యాంకులోకి వెలుతురు పోతే పాచి పడుతుంది. గొట్టాల మూతులకు దోమల వల కట్టండి. తాగేవి కాచి చల్లార్చుకోండి, అత్తగారి మాట పనికొచ్చేది ఇక్కడే.

ట్యాంకు నిండి పొర్లే నీళ్లను బోరు పక్కన గుంత తవ్వి అందులోకి వదలండి. తిన్నగా బోరు గొట్టంలోకి మాత్రం పోయవద్దు, మురికి అడుగునున్న నీటిలో కలుస్తుంది.