బీఏలో సోషియాలజీ తీసుకోవచ్చా? చదివినదాన్నిగా నా జవాబు

చెల్లీ, ఇంటర్ సీఈసీ అయిపోయింది, బీఏలో సోషియాలజీ మేజర్‌గా (ముఖ్య సబ్జెక్టుగా) తీసుకోవాలని ఉంది, ఇంట్లో మాత్రం "అది చదివితే ఏమొస్తది" అంటున్నారు అని కందుకూరు నుంచి రాశావు. తీసుకో. కాకపోతే ఊళ్ళోకి వెళ్ళి మనుషుల దగ్గర కూర్చుని మాట్లాడటం నీకు ఇష్టమైతేనే తీసుకో. గైడు బట్టీపట్టి గట్టెక్కుదామనుకునేవాళ్ళకు ఇంత చప్పటి సబ్జెక్టు ఇంకోటి ఉండదు.

మొదటి సెమిస్టర్ కాస్త ఓపిక పట్టాలి. సోషియాలజీకి ఆ పేరు పెట్టిన ఆగస్ట్ కాంట్ ఏమన్నాడు, సమూహాలు ఎన్ని రకాలు, నిర్వచనం రాయుము, ఇలాగే నడుస్తుంది. నాకు సబ్జెక్టు పట్టుబడింది ఫ్రెంచి సోషియాలజిస్టు డర్క్‌హైమ్ దగ్గర.

మాది కొండపి వైపు పల్లె. పొగాకు మీద బతికే ఊరు. 2015లో ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు నేను బడిలో ఉన్నా. అరుగుల మీద వినపడిన మాటలన్నీ పోయిన మనిషి గురించే. తాహతుకు మించి కౌలుకు చేశాడు, మనసులో మాట ఇంట్లో చెప్పుకోలేదు, మొండిమనిషి. డిగ్రీలో చదివాను, ఆత్మహత్యల మీద డర్క్‌హైమ్ 1897లోనే ఒక పుస్తకం రాశాడని. ఒక్కో మనిషి మనసులోకి తొంగిచూడకుండా, ఏ మతంవాళ్ళలో ఎక్కువ, పెళ్ళయినవాళ్ళలో ఎంత, ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు ఎంత పెరుగుతోంది అని లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. అది చదివాక మా ఊరి సంగతి ఇంకోలా అడగాలనిపించింది. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, ఎవరిది? లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది? వేలంలో రేటు ఎవరి చేతిలో ఉంది? మా ఊళ్ళో బ్యారన్ ఒకరిది, పొలం ఇంకొకరిది, అప్పు మాత్రం పంట వేసినవాడిది. ఇది కనపడ్డాక "మొండిమనిషి" అన్న మాట నా నోటెంట ఇక రాలేదు. సోషియాలజీ నాకేమిచ్చిందంటే మొదట ఇదే చెప్తా.

ప్రాజెక్టుకు పొగాకు గ్రేడింగ్‌కు, అంటే ఆకును రకాలుగా ఏరే పనికి, వెళ్ళే ఆడవాళ్ళను తీసుకున్నా. కాలేజీలో ఇచ్చిన ఫారంలో "నెలసరి ఆదాయం" అని ఒక గడి ఉంది. దానికి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఎట్లా చెప్తారు? సీజన్లో పని ఉంటుంది, తర్వాత ఉండదు, మధ్యలో అడ్వాన్సు తీసుకుని ఉంటారు, అది కూలిలో విరుగుతుంది. "నిన్న ఏం పనికి పోయినావక్కా, ఎంతిచ్చినారు, మొగోళ్ళకెంత?" అని అడిగితే మాత్రం గంటసేపు చెప్పారు. ఆ గడి కాయితం మీద తప్ప వాళ్ళ బతుకులో లేదు. ఏ సర్వే చూసినా ఇప్పుడు నేను మొదట వెతికేది అడిగిన ప్రశ్న ఏంటన్నదే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. కొత్త ఊళ్ళోకి వెళ్తే "ఏ ఊరమ్మా, ఎవరమ్మాయివి, ఇంటిపేరేంది?" అని అడుగుతారు. ఆ మూడు జవాబులతో నీ కులం తెలిసిపోతుంది. నిన్ను మంచం మీద కూర్చోబెడతారా, గడపవతలే నిలబెట్టి మాట్లాడతారా అన్నది దాన్నిబట్టే ఉంటుంది. ఆధిపత్య కులం గురించి మన దేశపు సోషియాలజిస్టు ఎం.ఎన్.శ్రీనివాస్ రాసింది క్లాసులో వింటాం: జనసంఖ్య ఒక్కటే కాదు, భూమి, రాజకీయ బలం కలిస్తేనే పెత్తనమని. వినేటప్పుడు మా క్లాసులో కొందరు తలొంచుకున్నారు, కొందరు మొదటిసారి తలెత్తారు. ఆ పీరియడ్లు కష్టంగా ఉంటాయి. ఎగ్గొట్టకు.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. సాక్షరతా ఉద్యమంలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివి, అది మా కథే కదా అనుకుని సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు అక్కడినుంచే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో మొదలైన ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా ఆగిపోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. రోజుకు రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు కూడా ఆ ఊపులో పెరిగినవే. సామాజిక ఉద్యమాల పాఠానికి ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఎక్కడికి పోయి వెతుకుతావు? ఆ రోజులు చూసిన అవ్వలను ఇప్పుడే కలిసి అడగాలి.

ఉద్యోగం మాట. ఉత్త బీఏతో పెద్ద ఉద్యోగాలు రావు, నాయనతో ఆ మాట దాచకుండా చెప్పు. పైన ఎంఏ గానీ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) గానీ చెయ్యాలి. నేను ఎంఎస్‌డబ్ల్యూ చేసి ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నా. జీతం మామూలే, పని నచ్చింది. లెక్చరర్ కావాలంటే ఎంఏ, ఆపైన నెట్ అనే అర్హత పరీక్ష. సివిల్స్ మెయిన్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌గా 500 మార్కులకు ఉంది. ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో భారతీయ సమాజం అని ఒక భాగమే పెట్టారు.

తెలుగు మీడియం అని భయపడకు. పునాదికి తెలుగు అకాడమీ పుస్తకాలు చాలు. రెండో ఏడాది నుంచి ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) పాఠాలు ఇంగ్లిషులో చదవడం అలవాటు చేసుకో, వాళ్ళ వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పీజీలో ఇది లేనివాళ్ళు చాలా ఇబ్బంది పడటం చూశా.

మా రోజుల్లో మూడు సబ్జెక్టుల్లో ఇదొకటి. 2023-24లో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. మేజర్ చెప్పేవాళ్ళు సరిగ్గా లేకపోతే డిగ్రీ అంతా వృథా. ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీ సీనియర్లను రెండే అడుగు: సోషియాలజీకి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, ప్రాజెక్టుకు నిజంగా ఊళ్ళకు పంపిస్తారా. రెండోదానికి లేదు అంటే ఇంకో కాలేజీ చూసుకో, కాస్త దూరమైనా సరే.