పూసల లేసు గౌన్లు కుట్టడం వృత్తిగా పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. ఇంటర్ అయ్యాక ఖమ్మంలోనే ఒక బొటిక్‌లో మగ్గం పనికి వెళ్తోంది. బ్లౌజులు కూడా చక్కగా కుడుతుంది. ఈమధ్య ఒక క్రైస్తవ పెళ్లికి తెల్ల గౌను ఆర్డర్ వచ్చింది. కస్టమర్ తెచ్చిన పూసల లేసును మామూలు గుడ్డలాగే మడిచి కత్తిరించింది. పూసలు వరసలు వరసలుగా ఊడిపోయాయి, మిషన్ సూదులు విరిగాయి. లేసు ఖరీదు జీతంలో పట్టుకున్నారు. అప్పటినుంచి ‘ఈ పనే నేర్చుకుంటాను, గౌన్లే కుడతాను’ అంటోంది. మేం డిగ్రీలో చేర్పిద్దామనుకున్నాం. ఇందులో భవిష్యత్తు ఉందా? ఎక్కడ నేర్పిస్తారు? కళ్లు పాడవుతాయేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఎంచుకున్న పని మంచిది. ఒక లేసు పాడై, జీతం కోత పడినా ‘ఇదే నేర్చుకుంటాను’ అంటోందంటే ఆ ఆసక్తిని మీరు కాపాడాలి. అయితే ‘పూసల లేసు కుట్టడం’ అనే పేరుతో కోర్సు కోసం వెతక్కండి. అది ప్యాటర్న్ (కొలతల ప్రకారం గీసిన కాగితం నమూనా) తయారీ, గౌను కటింగ్, చేతి కుట్టు కలిసిన పని. ఆమెకు చేతి కుట్టు ఇప్పటికే వచ్చు. మిగిలిన రెండూ నేర్చుకోవాలి.

ముందు ఆ రోజు పూసలు ఎందుకు ఊడాయో ఆమెకు చెప్పండి, మగ్గం తెలిసిన పిల్ల కాబట్టి వెంటనే పట్టుకుంటుంది. మగ్గం సూదితో వేసేది గొలుసు కుట్టు. ఒకే దారం కింది నుంచి ఉచ్చులుగా పైకి వస్తూ పూసలను పట్టుకుంటుంది. మధ్యలో ఎక్కడ తెగినా, కొస లాగితే చాలు, వరస మొత్తం జారిపోతుంది. బజారులో దొరికే పూసల లేసుల్లో చాలావాటికి పూసలు ఇలాగే పడి ఉంటాయి. అందుకే కత్తెర పెట్టడానికి ముందే, కోత గీతకు లోపలివైపు దారాలను వెనక నుంచి రెండు మూడు గట్టి కుట్లతో బిగించాలి. కుట్టు పడే గీత మీద, మార్జిన్‌లో పూసలు ఉండకూడదు. ఉంటే సూది విరుగుతుంది, కుట్టు సమంగా రాదు. గాజు పూసలైతే దారం తెంచకుండా పూసను మాత్రమే చిన్న పట్టకారుతో చిదిపి తీసేస్తారు. దారం తెగదు కాబట్టి పక్క పూసలు నిలుస్తాయి. ఆ సమయంలో కళ్లద్దాలు తప్పనిసరి, పైన చిన్న గుడ్డ కప్పాలి, గాజు ముక్కలు ఎగురుతాయి. కుట్టయ్యాక ఖాళీ కనిపిస్తే విడి పూసలు మళ్లీ చేత్తో కుట్టాలి. అందుకని ఊడినవి, మిగిలిన ముక్కల మీదివి ఒక్కటి కూడా పారేయకూడదు.

అసలు నైపుణ్యం కటింగ్‌కు ముందే ఉంది. మంచి పనివాళ్లు ముందు కోరా గుడ్డతో గౌను కుట్టి, మనిషికి వేసి, సరిచేసి, ఆ కొలతలతోనే లేసు దగ్గరికి వెళ్తారు. లేసు మీద సరిదిద్దుకునే అవకాశం చాలా తక్కువ. లేసును మడవకుండా ఒకే పొరగా, మంచివైపు పైకి ఉండేలా, శుభ్రమైన తెల్ల దుప్పటి మీద పరుస్తారు. ఏ పువ్వు ఎదమీద రావాలి, ఏ తీగ నడుము దగ్గర ఆగాలి, రెండు చేతుల మీదా ఒకే డిజైన్ ఎలా పడాలి అని చూసుకుని ప్యాటర్న్ కాగితాలు పెడతారు. అంచుకు ఉన్న వంపుల బార్డర్‌ను గౌను కిందికో చేతుల చివరికో వాడతారు, అక్కడ ఇక మడత కుట్టు అక్కర్లేదు. సుద్దతో కాకుండా రంగు దారంతో కచ్చా కుట్టు వేసి గీత గుర్తు పెట్టుకుంటారు. డిజైన్ కలపడానికి లేసు కొంత ఎక్కువే పడుతుందని కస్టమర్‌కు ముందే చెప్పాలి.

ఇక అతుకు కనపడకుండా కలపడం. పక్క కుట్టును నిలువుగా గీత గీసినట్టు కోయరు. పువ్వు అంచు వెంబడి, ఆకు అంచు వెంబడి కత్తిరించి, ఆ ముక్కను రెండో ముక్క మీదికి ఎక్కించి, అంచు చుట్టూ సన్నని చేతి కుట్టు వేస్తారు. తర్వాత అడుగున మిగిలిన పొరను కత్తిరించేస్తారు. నెట్ మీద చేసిన లేసు అంచు పోగులుగా విడిపోదు కాబట్టే ఇది సాధ్యం. చూసేవాళ్లకు అతుకు ఎక్కడుందో తెలియదు. బరువు మోయడానికి లోపల ఆర్గాంజా (పల్చగా, బిరుసుగా ఉండే గుడ్డ) పొర జోడించాలి, లేకపోతే పూసల బరువంతా భుజాల మీద పడి లేసు సాగుతుంది. చంక కింద పూసలు తీసేయాలి, లేదంటే చర్మం గీసుకుపోతుంది, దారాలు తెగుతాయి. ఇస్త్రీ వెనకవైపు నుంచి, కింద మందపాటి టవల్ వేసి, తక్కువ వేడితో చేయాలి. ప్లాస్టిక్ చమ్కీలు వేడికి ముడుచుకుపోతాయి.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఇది ఎంత పెద్ద పనో ఇంట్లో వాళ్లకు తెలియాలి. 2011లో బ్రిటన్ రాకుమారుడు విలియంతో పెళ్లికి కేట్ మిడిల్టన్ వేసుకున్న గౌను గుర్తుందా? దాని లేసుకు పూసలు లేవు కానీ పద్ధతి ఇదే. లేసులోంచి పూలను విడివిడిగా చేత్తో కత్తిరించి పట్టు నెట్ మీద కుట్టారు. కుట్టింది లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్లు. రెండు మూడు మిల్లీమీటర్లకు ఒక కుట్టు. లేసు మాసిపోకుండా అరగంటకోసారి చేతులు కడుక్కున్నారు, మూడు గంటలకోసారి సూదులు మార్చారు. మన మగ్గం పనికీ ప్రపంచంలో గౌరవం ఉంది. ముంబైలో 2016లో మొదలైన చాణక్య స్కూల్ ఆఫ్ క్రాఫ్ట్ ఆడవాళ్లకు చేతి ఎంబ్రాయిడరీ నేర్పుతుంది. ప్యారిస్ సంస్థ డియోర్ 2023 మార్చిలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర జరిపిన ఫ్యాషన్ షోలో చాణక్య చేతి పనికే పెద్దపీట వేసింది. (మనవాళ్లకు లేసు అనగానే నర్సాపురం గుర్తొస్తుంది. అది క్రోషే సూదితో దారం అల్లి చేసేది, 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మీ అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్నది వేరు.)

ఇప్పుడు చదువు సంగతి. కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ హైదరాబాద్‌లో నాలుగేళ్ల ఫ్యాషన్ డిజైన్ డిగ్రీ ఉంది. ఇంటర్ ఏ గ్రూప్ అయినా ఎంట్రన్స్ రాయొచ్చు. ఫీజులు లక్షల్లో ఉంటాయి. డిజైనర్ కావాలనుకుంటే అది సరైన దారి. మీ అమ్మాయి కోరుకుంటున్నది చేత్తో చేసే పని. అందుకని నా సలహా ఐటీఐ. ‘డ్రెస్ మేకింగ్’, ‘సూయింగ్ టెక్నాలజీ’ అనే ట్రేడ్‌లు ఏడాది పాటు ఉంటాయి. వీటిలో కొలతలు, ప్యాటర్న్ డ్రాఫ్టింగ్, కటింగ్ మొదటినుంచి క్రమంగా నేర్పుతారు. చివర్లో జాతీయ స్థాయి సర్టిఫికెట్ వస్తుంది. ఎంబ్రాయిడరీకి విడిగా ‘సర్ఫేస్ ఆర్నమెంటేషన్ టెక్నిక్స్’ ట్రేడ్ ఉంది కానీ ఆమెకు అవసరం లేదు, చేతిలో ఉన్న విద్యకు మళ్లీ ఏడాది పెట్టడం వృథా. మీకు దగ్గర్లోని ఐటీఐలో ఈ ట్రేడ్ ఉందో లేదో అడ్మిషన్ల ముందే వెళ్లి కనుక్కోండి. చేరేముందు అక్కడ పిల్లలు కుట్టిన బట్టలు చూడమని అడగండి. ప్యాటర్న్ కాగితం మీద గీయిస్తున్నారా, లేక కొలత బ్లౌజు పెట్టి గీయడంతో సరిపెడుతున్నారా అన్నది చూస్తే నాణ్యత తెలిసిపోతుంది.

డిగ్రీ వదిలేయక్కర్లేదు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో రెండూ దూరవిద్యలో డిగ్రీ ఇస్తాయి. పని చేసుకుంటూ చదవొచ్చు. బీకాం అయితే రేపు సొంత షాపు లెక్కలకు పనికొస్తుంది.

ఐటీఐ తర్వాత నేరుగా సొంత షాపు పెట్టించకండి. హైదరాబాద్‌లో గౌన్లు కుట్టే ఏదైనా మంచి వర్క్‌షాపులో ఒకటి రెండేళ్లు పని చేయనివ్వండి. జీతం తక్కువైనా ఫర్వాలేదు, అక్కడ చేతిలోంచి వెళ్లే గౌన్ల సంఖ్యే ఆమెకు చదువు. ఈలోగా ఇంట్లో సాధన చేయొచ్చు. అరమీటరు చవక పూసల లేసు కొని, పక్క కుట్టు, జిప్, చంక, బార్డర్ నాలుగూ విడివిడి ముక్కల మీద కుట్టి దాచుకోమనండి. ఉద్యోగం అడిగేటప్పుడు సర్టిఫికెట్ కంటే ఆ ముక్కలే ముందు చూస్తారు.

ఆదాయం ఒక్క పెళ్లి గౌన్ల మీద ఆధారపడదు. రిసెప్షన్ గౌన్లు, పార్టీ డ్రెస్సులు, లాంగ్ ఫ్రాకులు అన్నిటిలో ఇప్పుడు పూసల లేసు ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న గౌన్లు పొడవు తగ్గించడం, పక్కలు లోపలికి తీయడం కూడా రోజూ వచ్చే పనే. కింది బార్డర్‌ను ఊడదీసి పైకి జరిపి మళ్లీ కుట్టడం తెలిసిన వాళ్లు తక్కువ. అమెరికాలో పెళ్లి గౌను కొన్నాక ఆల్టరేషన్‌కు విడిగా డబ్బు కడతారు. రేపు పెళ్లయి అక్కడికి వెళ్లినా, పని చేసుకునే వీసా ఉంటే ఈ విద్య ఆమెకు అక్కరకొస్తుంది.

ధర చెప్పడం మాత్రం ఇప్పటినుంచే నేర్పించండి. మన దగ్గర ఆడపిల్లలు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. బ్లౌజుకింత, గౌనుకింత అని ఊరి రేటు చెప్పేస్తారు. ఈ పనికి గంటల లెక్క వేయాలి. ఉదాహరణకు గంటకు 150 రూపాయలు అనుకుని 30 గంటలు పడితే చేతికూలీయే 4,500 అవుతుంది. లైనింగ్, ఆర్గాంజా, దారాలు దానికి అదనం. ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో నోట్‌బుక్‌లో రాసుకోమనండి. కస్టమర్ గుడ్డ ఇచ్చినప్పుడే ఫోటో తీసి, ఎన్ని మీటర్లో, ముందే ఎక్కడైనా పూసలు ఊడి ఉన్నాయో కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. కొత్త పని అప్పగించి, నేర్పకుండా, నష్టం మొత్తం పనిపిల్ల జీతంలో పట్టుకోవడం న్యాయం కాదు. ఆ బొటిక్ వాళ్లతో మీరు నెమ్మదిగా మాట్లాడి, కొంతైనా తిరిగి ఇమ్మని అడగండి.

సొంతంగా పెట్టే రోజు వస్తే, 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది, కాబట్టి మీ ఇంట్లో ఇంకెవరూ తీసుకోకుండా చూసుకోండి. వివరాలు మీ దగ్గరి సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో చెబుతారు.

కళ్ల గురించి మీ భయం సహజమే. గంటల తరబడి దగ్గరి చూపుతో పని చేస్తే కళ్లు అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది. మెడ, నడుము కూడా పట్టేస్తాయి. పని బల్ల మీద పక్క నుంచి పడే మంచి వెలుతురు ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కాసేపు దూరంగా చూడాలి. నేల మీద వంగి కూర్చోకుండా ఎత్తు సరిపోయే బల్ల, కుర్చీ పెట్టించండి. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించండి. మొదటిది కోర్సులో చేరకముందే అయితే మంచిది, ఇప్పటికే సైట్ ఉండి తెలియకపోతే సన్నని కుట్టు వంకర పోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.