అద్దెల లెక్క తర్వాత చూద్దాం, ముందు కింది పోర్షన్‌లో ఉన్న అక్కగారి సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది ఆమదాలవలస. విశాఖలో ఒక ప్రైవేటు కంపెనీలో ముప్పై ఏళ్ళు పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. పీఎఫ్ డబ్బుతో నెలనెలా అద్దె వచ్చే ఇల్లు కొనాలని ఉంది. ఎచ్చెర్ల దగ్గర హైవేకి కాస్త లోపలగా నాలుగు పోర్షన్ల మేడ చూశాను. ధర 42 లక్షలు. నెలకి 23,000 అద్దె వస్తుందని యజమాని అంటున్నాడు. ఆయన తండ్రి 1994లో స్థలం కొని కట్టిన ఇల్లు అది. తండ్రి 2011లో పోయారు, తల్లి కూడా లేరు. అమ్మేది ఆయన, ఖరగ్‌పూర్‌లో ఉంటున్న ఆయన తమ్ముడు. కింద ఒక పోర్షన్‌లో వాళ్ళ అక్కగారు ఉంటున్నారు. ఆమెకు భర్త లేరు. ఆవిడ సంగతి అడిగితే, ‘‘అక్క కూడా అద్దెకే ఉంటాది. దానికేటి హక్కు? పెళ్ళప్పుడే పసుపు కుంకుమల కింద అన్నీ ఇచ్చీసినాం. కావాలంటే సాక్షి సంతకం పెట్టిస్తాను’’ అన్నాడు. తెల్లకాగితం మీద రాయించుకుని లక్ష రూపాయలు నగదుగా బయానా ఇచ్చాను. అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించకుండానే కొనవచ్చా? తర్వాత నేను లేవమన్నప్పుడు లేస్తారా? పదకొండు నెలల అగ్రిమెంటు సరిపోతుందా?

జవాబు: మీరు అడిగిన మూడింటికీ జవాబు ఉంది, అవేమీ పెద్ద చిక్కులు కావు. కానీ మీరు రాసీ ప్రశ్నగా అడగకుండా వదిలేసిన విషయం ఒకటుంది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు టెన్షన్ పుట్టింది అక్కడే. ఆ కింది పోర్షన్‌లో ఉన్న అక్కగారు అద్దెకున్న మనిషి కాదు. మీరు చెప్పిన వివరాలు నిజమైతే ఆవిడ ఆ ఇంటికి మూడో వంతు యజమానురాలు.

ఎలాగో చెబుతాను. తండ్రి సొంతంగా స్థలం కొని ఇల్లు కట్టారు కాబట్టి అది ఆయన స్వార్జితం. వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్ళు అందరికీ సమాన వాటా. తర్వాత తల్లి వాటా కూడా ముగ్గురు పిల్లలకీ సమానంగానే పోయింది. అంటే అన్నదమ్ములిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, అక్కకి ఒక వంతు. స్వార్జితంలో కూతురి వాటా 1956 నుంచీ ఉన్నదే, కొత్తగా వచ్చిందేమీ కాదు. ఒకవేళ అది పిత్రార్జితపు డబ్బుతో కొన్నదని రేపు ఎవరైనా అన్నా ఆవిడ వాటా పోదు. పిత్రార్జితంలో పెళ్ళికాని ఆడపిల్లలకు మన ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే హక్కు ఇచ్చింది. 2005 సవరణతో ఆ హక్కు దేశమంతటా కూతుళ్ళందరికీ, పెళ్ళయినవాళ్ళకి కూడా వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం అన్న మాట మన జిల్లాలో నేను ఎన్నో కేసుల్లో విన్నాను. చెప్పేవాళ్ళు అబద్ధమని తెలిసి చెప్పరు, నిజంగానే అలా నమ్ముతారు. కానీ పెళ్ళిలో బంగారం పెట్టినా, కట్నం ఇచ్చినా, సారె పెట్టినా కూతురి వాటా చెల్లిపోదు. ఆవిడ తన హక్కు వదులుకున్నట్టు రిజిస్టరు చేసిన దస్తావేజు ఉండాలి. అలాంటిది ఉంటే ఈసీలో, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపించే పత్రంలో, కనిపిస్తుంది. లేదంటే ఆ వాటా అలాగే ఉంది.

సరే, ఆవిడ ఊరుకుంటే ఏమవుతుంది, మనం కొనేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. ఆస్తి బదిలీ చట్టం, 1882 మూడో సెక్షన్‌లో ఒక వివరణ ఉంది. ఇల్లు కొనేవాడికి ఆ ఇంట్లో అప్పటికి నివాసం ఉంటున్న మనిషి హక్కు ఏదైనా సరే తెలిసినట్టే లెక్క. మీరు అడిగినా అడగకపోయినా అంతే. ‘నేను డబ్బిచ్చి అమాయకంగా కొన్నాను, నాకు తెలీదు’ అనే వాదన అక్కడితో పోతుంది. పైగా మీకు తెలుసు, మీ ఉత్తరంలోనే రాశారు.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి కేసే చూశాను. రైల్వేలో రిటైరైన పెద్దాయన శ్రీకాకుళం శివార్లలో అద్దెలొచ్చే ఇల్లు కొన్నారు. వెనక ఒక గదికి తాళం వేసి ఉంది. పాత సామాన్లని అమ్మినవాళ్ళు చెప్పారు. ఆయన తాళం తీయించలేదు, తీయమని అడగనూ లేదు. రెండేళ్ళకి అమ్మినవాళ్ళ చెల్లెలు భాగపరిష్కారం దావా వేసింది. అందులో ఈయన మూడో ప్రతివాది. ఆవిడ ఒక గుడ్డసంచి పట్టుకొచ్చింది. అందులోంచి రేషన్ కార్డు, ఓటరు కార్డు, గ్యాస్ పుస్తకం ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. మూడింటి మీదా ఒకే డోర్ నంబరు. గది తెరిస్తే ఆవిడ పెళ్ళికి తండ్రి చేయించిన మంచం, ఇనప్పెట్టె ఉన్నాయి. దావా ఏళ్ళ తరబడి నడిచింది. వచ్చిన అద్దెలన్నీ ఫీజులకీ ప్రయాణాలకీ పోయాయి. చివరికి రాజీలో ఆవిడ వాటాకి ఆ రోజు ధర కట్టి మళ్ళీ కొనుక్కోవాల్సి వచ్చింది. కోర్టు వరండాలో బెంచీ మీద ఆయన కూర్చునే తీరు నాకింకా గుర్తే. అప్పటినుంచి ఎవరైనా ఇల్లు చూపిస్తే నేను ముందు మీటర్ల బోర్డు దగ్గర నిలబడతాను. ఎన్ని మీటర్లున్నాయి, బిల్లు ఎవరి పేరున వస్తోంది, తాళం వేసిన గది ఏది, తులసికోటకి రోజూ నీళ్ళు పోసేది ఎవరు అని చూస్తాను. మీరూ ఎచ్చెర్ల వెళ్ళి నాలుగు తలుపులూ తట్టండి. మీరు ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు, అద్దె ఎవరికి ఇస్తున్నారు, అడ్వాన్సు ఎంత ఇచ్చారు అని అడగండి. కింది పోర్షన్‌లోని ఆవిడ ఎప్పుడైనా అద్దె కట్టారా అన్నది పక్క పోర్షన్‌వాళ్ళకి తెలిసే ఉంటుంది.

అన్నదమ్ములు తమ రెండు వాటాలే అమ్మితే? అమ్మవచ్చు. కానీ అది మీకు పనికిరాదు. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, విడిపోని కుటుంబం నివాసముండే ఇంట్లో ఒక వాటా కొన్న బయటివాడికి వాళ్ళతో కలిసి స్వాధీనం అడిగే హక్కు లేదు. మీరు భాగపరిష్కారం కోసం కోర్టుకెక్కాలి. అలా ఎక్కితే 1893 నాటి విభజన చట్టం కింద, మీ వాటాకి ధర కట్టి మేమే కొనుక్కుంటామని ఆ కుటుంబసభ్యురాలు కోర్టుని అడగవచ్చు. రిటైరైన వయసులో అద్దె కోసం కొన్న ఇల్లు మిమ్మల్ని కోర్టు చుట్టూ తిప్పకూడదు.

ఇక సాక్షి సంతకం. దయచేసి దీనికి ఒప్పుకోకండి. దస్తావేజులో సాక్షిగా సంతకం పెట్టడమంటే, రాసిచ్చినవాళ్ళు నా ఎదుట సంతకం పెట్టారని చెప్పడమే. అందులో ఏం రాసి ఉందో తెలుసనీ, దానికి ఒప్పుకున్నాననీ దాని అర్థం కాదు. ఈ మాట కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ఆవిడ మిగతా ఇద్దరితో పాటు అమ్మకందారుగానే దస్తావేజులో ఉండాలి. మొదటి పేజీలో పేరు, ప్రతి పేజీ మీదా సంతకం, రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర ఉండాలి. ఆవిడ వాటా సొమ్ము ఆవిడ బ్యాంకు ఖాతాలోకే వెళ్ళాలి. 42 లక్షల్లో మూడో వంతంటే 14 లక్షలు. ఖరగ్‌పూర్ తమ్ముడు స్వయంగా వచ్చి సంతకం పెడితే మంచిది. పవర్ ఆఫ్ అటార్నీ అయితే రిజిస్టరైనది అడగండి. రిజిస్ట్రేషన్ నాడు ఆయనతో వీడియో కాల్‌లో మాట్లాడండి. రాసిచ్చిన మనిషి పోతే ఆ పవర్ కూడా పోతుంది.

ఇదంతా చెప్పగానే తండ్రి వీలునామా ఒకటి బయటికి రావచ్చు. వస్తే అసలు కాగితం చూపించమనండి. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఆ సాక్షులెవరో కనుక్కోండి. అలాంటి కాగితం ఉన్నా అక్కగారి సంతకం లేకుండా కొనమని మాత్రం నేను చెప్పను.

ఇప్పుడు మీరు అడిగినవి. అద్దెకున్నవాళ్ళతో సహా ఇల్లు కొనవచ్చు. రిజిస్ట్రేషన్ అయిన క్షణం నుంచి పాత యజమాని స్థానంలోకి మీరు వస్తారు, అద్దె అడిగే హక్కు మీదే. అయితే యజమాని మారిన సంగతి తెలియక వాళ్ళు పాతాయనకే అద్దె కట్టేస్తే మళ్ళీ మీకు కట్టమని అడగలేరు. అందుకే అదే రోజు మేడ మీదివాళ్ళకీ కిందివాళ్ళకీ రాతపూర్వకంగా తెలియజేసి సంతకం తీసుకోండి. వాళ్ళు పాతాయనకి ఇచ్చిన అడ్వాన్సులు ఎంతో పోర్షన్ల వారీగా దస్తావేజులో రాయించి ఆ మొత్తం ధరలోంచి తగ్గించుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు. ఖాళీ చేసే రోజున అడ్వాన్సు తిరిగి ఇమ్మని వాళ్ళు నిలబడేది మీ గుమ్మం ముందే.

లేస్తారా అంటే, అగ్రిమెంటు గడువు ఇంకా ఉంటే అది తీరేదాకా మీరూ కట్టుబడి ఉండాలి. గడువు తీరాక నెలనెలా అద్దె కడుతూ ఉంటే అది నెలవారీ అద్దె అవుతుంది, 15 రోజుల నోటీసు ఇచ్చి ముగించవచ్చు. నోటీసిచ్చినా లేవకపోతే దావా వేయాలి. కరెంటు తీయించడం, సామాన్లు బయట పెట్టడం చేయకండి. చట్టప్రకారం కాకుండా గెంటేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న లేకుండానే ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి లోపలికి వచ్చే హక్కు వాళ్ళకి ఉంది.

పదకొండు నెలల అగ్రిమెంటు అన్న అలవాటు ఎందుకొచ్చిందంటే, కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ మన ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణతో, గడువు ఎంతైనా సరే, రాసుకున్న లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. కాబట్టి పదకొండు నెలలకి రాసుకున్నా రిజిస్టరు చేయించుకోండి. ప్రతి పదకొండు నెలలకీ కొత్తది రాసుకోండి. పాతదాని మీద తేదీ దిద్దకండి. యూనివర్సిటీ, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకి ఇస్తే తండ్రినో తల్లినో కూడా అగ్రిమెంటులో చేర్చండి, పద్దెనిమిది నిండని పిల్లాడి సంతకానికి విలువ లేదు. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళయితే ఉద్యోగం గుర్తింపుకార్డు నకలు తీసుకోండి.

అద్దె లెక్క కూడా సరిచూసుకోండి. ఆయన చెప్పిన 23,000లో అక్కగారి పోర్షన్ కూడా కలిపి ఉంటే, ఆవిడ ఎప్పుడూ అద్దె కట్టకపోతే, అది చేతికొచ్చే డబ్బు కాదు. ఆ పోర్షన్‌కి 5,500 వేసుకుంటే నిజంగా వచ్చేది 17,500, ఏడాదికి 2,10,000. రిజిస్ట్రేషన్ ఖర్చు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 42 లక్షలకి 3,15,000. మొత్తం పెట్టుబడి మీద చూస్తే ఐదు శాతం కూడా రాదు. ఇంటి పన్ను, రంగులు, మోటారు రిపేర్లు, ఖాళీగా ఉండే నెలలు అందులోంచే పోవాలి. ఆదాయపు పన్ను లెక్కలో అద్దెలోంచి 30 శాతం మినహాయింపు వస్తుంది, అదొక్కటే ఊరట. దీన్ని మీ బ్యాంకు డిపాజిట్ వడ్డీ పక్కన పెట్టి చూసుకోండి.

నగదుగా ఇచ్చిన లక్ష గురించి. స్థిరాస్తి కోసం 20,000, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకున్నవాళ్ళకి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఇక ఒక్క రూపాయి కూడా నగదుగా ఇవ్వకండి. ఆ లక్ష సంగతి స్టాంపు కాగితం మీద సరైన అమ్మకపు అగ్రిమెంటులో రాయించండి. అందులో అమ్మకందారులు ముగ్గురూ ఉండాలి. మీ తప్పు లేకుండా బేరం చెడితే ఇచ్చిన బయానా రాబట్టుకోవడానికి ఆ ఇంట్లో అమ్మకందారుడి వాటా మీద మీకు చట్టం హక్కు ఇస్తుంది. కాబట్టి ఆ తెల్లకాగితం జాగ్రత్తగా దాచుకోండి.

మిగతా కాగితాలు మామూలే. 1994 దస్తావేజు, దానికి ముందటి లింకు దస్తావేజులు, ముప్పై ఏళ్ళ ఈసీ, ఇంటి ప్లాను, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీయించండి. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, లేదని చూసుకోండి. అమ్మకందారుల పేర్లతో కోర్టు కేసుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో వెతకండి. దావా నడుస్తుండగా కొంటే తీర్పు మీ మీదా పడుతుంది.

ఆ అక్కగారితో మాట్లాడేటప్పుడు ఆవిడ తమ్ముళ్ళ ఎదుట మాట్లాడకండి. మీ ఇంటావిడని వెంటబెట్టుకుని విడిగా వెళ్ళండి. ఈ ఇంట్లో మీకు మూడో వంతు ఉంది, అమ్మడం మీకు ఇష్టమేనా అని సూటిగా అడగండి. బహుశా ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఇక్కడే ఉండిపోవాలని ఉందని అంటే ఈ బేరం వదిలేసి మీ లక్ష వెనక్కి అడగండి. సరేనంటే, తలదాచుకోవడానికి ఇంకో చోటు ఆ 14 లక్షలతోనే వెతుక్కోవాలి కాబట్టి, డబ్బు ఖాతాలో పడ్డాక ఖాళీ చేయడానికి ఆవిడకి మూడు నెలల గడువు దస్తావేజులోనే రాయించండి.