ఇంటర్వ్యూలో ‘ప్రొవొకటివ్‌లీ’ అనొచ్చా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. జీఆర్‌ఈకీ, ఉద్యోగాలకూ కలిపి ప్రిపేర్ అవుతున్నాను. ఒక మాక్ ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి చెబుతూ ‘ఐ స్పోక్ టు మై టీమ్ ప్రొవొకటివ్‌లీ’ అన్నాను. ప్యానెల్‌లో వాళ్లు నవ్వి, ‘అలా ఎందుకు మాట్లాడారు?’ అని అడిగారు. నిఘంటువులో ‘ప్రేరేపించే విధంగా’ అని చూసే వాడాను. ఈ మాటను ఎక్కడ వాడాలి? ఇలాంటివి బట్టీ పట్టడం మానేయాలా?

జవాబు: మీరు చూసిన అర్థం తప్పు కాదు గానీ, మీకు అది సాయపడలేదు. తెలుగులో ‘ప్రేరేపించడం’ మంచికీ చెడుకీ వస్తుంది. చదువుకొమ్మని ప్రేరేపించొచ్చు, గొడవకీ ప్రేరేపించొచ్చు. ఇంగ్లిష్‌లో ఈ రెండింటికీ మామూలుగా వేర్వేరు క్రియలు వాడతారు: మొదటిది ఇన్‌స్పైర్, రెండోది ప్రొవోక్. మీరు మొదటిది చెప్పాలనుకున్నారు, ప్యానెల్‌కి రెండోది వినిపించింది. ‘మా టీమ్‌ని రెచ్చగొట్టేలా మాట్లాడాను’ అని ఎవరైనా అంటే మీరైనా ఎందుకని అడుగుతారు కదా.

ఈ మాటకు తెలుగులో ఒకే సమానార్థకం వెతక్కండి, మూడు కావాలి. కోపం తెప్పించే సందర్భంలో ‘రెచ్చగొట్టేలా’. చూపు, నవ్వు, దుస్తుల గురించి చెప్పేటప్పుడు ‘కవ్వించేలా’. వ్యాసం, ప్రశ్న, వాదం గురించి చెప్పేటప్పుడు ‘ఆలోచన రేపేలా’, కొంచెం సాహసంగా. మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఎదుటివాళ్లు ఊరుకోకుండా ఏదో ఒక రియాక్షన్ ఇచ్చేలా చేయడం. మూలం చూస్తే ఇది ఇంకా తేలిగ్గా గుర్తుంటుంది. లాటిన్‌లో ‘వొకారే’ అంటే పిలవడం, ‘ప్రో’ అంటే ముందుకు. ముందుకు రమ్మని పిలవడం, అంటే సవాలు విసరడం. పాత రోమ్‌లో గ్లాడియేటర్లలో ఒక రకాన్ని ‘ప్రొవొకేటర్’ అనేవారు, సవాలు చేసేవాడు అని. వృత్తికి వాడే ‘వొకేషన్’ కూడా ఆ ‘వొకారే’ నుంచే వచ్చింది. కెరీర్ సలహాలు ఇచ్చేవాణ్ని కాబట్టి ఆ చుట్టరికం నాకు కాస్త ముచ్చటగా ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ‘యాంగ్రీలీ’ అనే మాట మాట్లాడేవాడి మనసు గురించి చెబుతుంది. ‘ప్రొవొకటివ్‌లీ’ మాత్రం అతని ఉద్దేశం గురించి చెబుతుంది. ‘హీ రిప్లైడ్ ప్రొవొకటివ్‌లీ’ అంటే కావాలనే గిల్లాడని మనం తీర్పు ఇచ్చినట్టే లెక్క. అందుకే ఆఫీసు ఈమెయిల్‌లో సహోద్యోగి గురించి ఇలా రాస్తే అది వర్ణనలా చదవరు, ఆరోపణలా చదువుతారు. అతను ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాసి, తీర్పు చదివేవాళ్లకు వదిలేయడం మేలు. దుస్తుల విషయంలోనైతే ఉద్యోగానికి సంబంధించిన ఏ రాతలోనూ ఈ మాట వద్దనే చెబుతాను. వేసుకున్న మనిషి మనసులో లేని ఉద్దేశాన్ని ఆమెకు అంటగడుతుంది. దాన్నిబట్టి రాసినవాళ్ల చూపు ఎలాంటిదో బయటపడుతుంది.

మరి మన గురించి మనం ఎప్పుడూ వాడకూడదా? ఒక చోట బాగా నప్పుతుంది. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నప్పుడు ‘టు పుట్ ఇట్ ప్రొవొకటివ్‌లీ’ అని మొదలుపెట్టి ఎదురు వాదన చెప్పొచ్చు. ‘కొంచెం ఘాటుగానే చెబుతాను, ఆలోచించండి’ అని ముందే హెచ్చరించినట్టు. అక్కడ మీరు కదిలిస్తున్నది అభిప్రాయాన్ని. మనుషులతో ఎలా మెలిగారో చెప్పేటప్పుడు మాత్రం ఈ మాట జోలికి పోకండి.

మీ ఇంటర్వ్యూ జవాబుకైతే అసలు యాడ్వర్బే అక్కర్లేదు. ‘ఇన్‌స్పైరింగ్లీ’ అని మార్చినా మనల్ని మనమే పొగుడుకున్నట్టు ఉంటుంది. టీమ్ ఎక్కడ ఆగిపోయింది, మీరు ఎవరితో ఏం మాట్లాడారు, తర్వాత ఏం మారింది, ఇవి చెప్పండి. ‘పర్సుయేడెడ్’, ‘ఎంకరేజ్డ్’ లాంటి మామూలు క్రియ ఒకటి చాలు. ఉదాహరణకు, టెస్టింగ్ పని ఎవరూ తీసుకోకపోతే, మొదటి భాగం మీరే చేసి చూపించి మిగతావాళ్లను ఒప్పించారనుకోండి. ఆ ముక్క వింటే మీరు టీమ్‌ని కదిలించగలరని ప్యానెల్ తనంతట తనే అనుకుంటుంది.

జీఆర్‌ఈ విషయం వేరు. అక్కడ ఈ మాట మీరు పలకక్కర్లేదు, ఎదురైతే అర్థం కావాలి. రీడింగ్ పాసేజ్‌లో ‘ప్రొవొకటివ్‌లీ ఆర్గ్యూస్’ అని కనిపిస్తే రచయితను తిడుతున్నారని తొందరపడకండి. పాత అభిప్రాయాన్ని ధైర్యంగా ప్రశ్నించాడనే మెచ్చుకోలు కూడా అందులో ఉండొచ్చు, చుట్టూ ఉన్న వాక్యాలు చూసి తేల్చుకోవాలి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో విరుద్ధం మీద కన్నేయండి. ‘దో ప్రొవొకటివ్‌లీ టైటిల్డ్, ది ఎస్సే వజ్ క్వైట్ కన్వెన్షనల్’ లాంటి వాక్యంలో ‘అయినా’ అనే అర్థమిచ్చే ‘దో’నే తాళంచెవి. శీర్షిక చూస్తే దుమారం రేపేలా ఉంది, లోపల చూస్తే పాత సంగతులే. సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నల్లో ఒకే ఖాళీకి, వాక్యానికి ఒకే అర్థం వచ్చేలా ఆరు మాటల్లోంచి రెండు ఎంచుకోవాలి కాబట్టి ‘ఎవొకటివ్‌లీ’తో కలిపేసుకోకండి. అది జ్ఞాపకాల్నో, అనుభూతుల్నో మనసులోకి తెచ్చేలా అని. చిన్ననాటి ఊరి గురించి ఎవొకటివ్‌లీ రాస్తారు, ఎన్నికల గురించి ప్రొవొకటివ్‌లీ రాస్తారు.

పలకడంలో కూడా చాలామంది తడబడతారు. ‘ప్రొవొకేషన్’లో ‘కే’ మీద ఒత్తు పడుతుంది, ఆ అలవాటుతో ‘ప్రొవొకేటివ్’ అనేస్తాం. ఇక్కడ ఒత్తు రెండో అక్షరం మీద పడాలి, తర్వాతి ‘క’ తేలిపోవాలి. బ్రిటిష్ ఉచ్చారణలో ‘వొ’ పొట్టిగా ఉంటుంది, అమెరికన్‌లో అది ‘వా’కు దగ్గరగా వినిపిస్తుంది. ‘ప్రొవోక్’లో ఉన్న దీర్ఘం మాత్రం రెండింటిలోనూ ఉండదు.

ఇక బట్టీ సంగతి. మాటలు నేర్చుకోవడం ఆపకండి, పద్ధతి మార్చండి. నోట్‌బుక్‌లో మాటకు ఎదురుగా తెలుగు అర్థం ఒక్కటే రాసుకుంటే ఇలాంటి ఇబ్బందే మళ్లీ వస్తుంది. అది ఏ మాటల పక్కన వస్తుందో రాసుకోండి: టైటిల్డ్, వర్డెడ్, ఆస్క్‌డ్, స్మైల్డ్. ఒక్కోదాని పక్కన ఆ సందర్భానికి సరిపడే తెలుగు మాట రాయండి. మెచ్చుకోలా, నిందా అనేది కూడా చిన్న గుర్తుతో పెట్టుకోండి. ఇలా చేస్తే రోజుకు నేర్చుకునే మాటల సంఖ్య తగ్గుతుంది, దానికి టెన్షన్ పడకండి. ఐఈఎల్‌టీఎస్ రాసే ఆలోచన ఉంటే అక్కడా ఇది పనికొస్తుంది. రైటింగ్, స్పీకింగ్‌లలో నాలుగో వంతు మార్కులు పదసంపదకే ఉంటాయి. మాట ఎంత అరుదైనదో మాత్రమే చూడరు, వాక్యంలో కుదిరిందా లేదా అన్నదీ చూస్తారు. ముందుగా, మీరు ఇప్పటికే బట్టీ పట్టిన జాబితాలో ‘ప్రేరేపించు’, ‘ఉసిగొల్పు’, ‘పురికొల్పు’ అని అర్థం రాసుకున్న మాటలన్నీ బయటికి తీసి ఇలా తిరగరాయండి. ఇన్‌స్టిగేట్, ఇన్‌సైట్ (incite), స్పర్, ప్రాంప్ట్ అన్నీ అక్కడే కలగాపులగంగా పడి ఉంటాయి.