ముందు గాలికి దారి, తర్వాత ఏసీ

ప్రశ్న: హైదరాబాద్ శివారులో ఇల్లు కడుతున్నాం. మూడు పడకగదులకూ ఈఎంఐ మీద ఏసీలు తీసుకుందామనుకున్నాం. ఒక్కోటి రూ.45 వేలు. గదుల్లో ఎదురెదురు కిటికీలు, మెట్ల గది పైన వెంటిలేటర్లు, దోమల మెష్‌లు పెట్టిస్తే ఏసీ వాడకం తగ్గుతుందని మా ఇంజనీరు అంటున్నారు. అదనంగా రూ.60 వేలు అవుతుందట. దండగ ఖర్చేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: దండగ కాదు, పెట్టించండి. అయితే లాభం ఎక్కడుందో సరిగ్గా చూడాలి.

ఒక్కో ఏసీకి గంటకు సగటున ఒక యూనిట్ వేసుకుందాం. మూడూ రాత్రికి 8 గంటల చొప్పున వేసవిలో 120 రోజులు నడిస్తే 2,880 యూనిట్లు. యూనిట్‌కు రూ.9 అయితే దాదాపు రూ.26 వేలు. బయటి చల్లగాలి వల్ల రోజుకు 3 గంటలు తగ్గాయనుకున్నా ఏడాదికి మిగిలేది రూ.9,720. రూ.60 వేలు తిరిగి రావడానికి ఆరేళ్లు పడుతుంది. ఇంతే అయితే నేను గట్టిగా చెప్పేవాణ్ని కాదు.

మూడో ఏసీ కొనకండి. అప్పుడు మీకు పడే అదనపు ఖర్చు రూ.15 వేలే. రెండు ఏసీలు రాత్రికి 5 గంటలు నడిస్తే కరెంటు రూ.10,800. అంటే ఏడాదికి రూ.15 వేలు మిగులుతుంది, ఒక్క వేసవిలోనే పెట్టింది వచ్చేస్తుంది. పైగా మీరు తగ్గించే యూనిట్లు బిల్లులో ఎక్కువ రేటు పడే పై స్లాబ్‌లోవి.

హైదరాబాద్ పీఠభూమి మీద ఉంది కాబట్టి ఈ లెక్కకు ఆధారం ఉంది. పగలు మండినా రాత్రి పొద్దుపోయాక గాలి చల్లబడే రోజులు చాలా ఉంటాయి. కోస్తాలో ఉక్కపోత వల్ల ఇంత ధైర్యంగా చెప్పలేను. ఒకే కిటికీ ఉన్న గదిలో గాలి ఆడదు, వచ్చిన గాలి పోవడానికి ఇంకో దారి ఉండాలి. వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి మెట్ల గది వెంటిలేటర్లు ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది.

మే నెలలో మాత్రం పగలు కిటికీలు మూసి, చీకటి పడ్డాకే తెరవండి. ఏసీ వేసినప్పుడు అన్నీ మూసేయాలి. 24 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. కిటికీలకు గ్రిల్స్ తప్పనిసరి, లేకపోతే రాత్రి భయంతో మూసేస్తారు, ఖర్చంతా వృథా.

గోడలు లేవకముందే ఇంజనీరుతో ఖాయం చేసుకోండి. కట్టాక గోడ కొట్టించాలంటే ఇదే పనికి ఇంకా ఎక్కువవుతుంది. మూడో గదిలో ఏసీ పాయింట్ మాత్రం వేయించి ఉంచండి, రెండు వేసవులు చూశాక అవసరమైతే కొనుక్కోవచ్చు.