చింతపండుతో తోమకండి

ప్రశ్న: మాది వర్జీనియాలోని స్టాఫర్డ్ కౌంటీ. పెరట్లో గోంగూర మడి కోసం తవ్వుతుంటే పాత గుండీ ఒకటి దొరికింది. ఇంకేం, మావారు మెటల్ డిటెక్టర్ కొనేశారు. ఇప్పటికి మూడు గుండీలయ్యాయి. రెండింటి మీద డేగ, దాని రొమ్ము మీద డాలు. అందులో ఒకదాని డాలులో ‘ఐ’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంది. మూడోదాని మీద డేగ, లంగరు, చుక్కలు. చింతపండుతో తోమితే మెరుస్తాయంటారు మా అత్తయ్యగారు. తోమమంటారా? ఇవి ఎప్పటివి?
– ఒక పాఠకురాలు

జవాబు: తోమకండమ్మా. ఇలాంటి గుండీల్లో చాలావాటికి ఇత్తడి రేకు మీద పల్చటి బంగారు పూత ఉండేది. పులుపు అడుగున ఉన్న ఇత్తడిని తినేస్తే, ఇన్నేళ్లూ మట్టిలో నిలిచిన ఆ కాస్త పూతా లేచిపోతుంది. మంచినీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ మట్టిని చీపురు పుల్లతో నెమ్మదిగా తీయండి, చాలు. అత్తయ్యగారికి ఇత్తడి బిందెలు అప్పగించండి.

మీ ఊళ్లో గుండీలు దొరకడంలో వింతేం లేదు. అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఓడిపోయిన ఉత్తరాది సైన్యం ఆ చలికాలమంతా మీ కౌంటీలోనే మకాం వేసింది. లక్షకు పైగా మనుషులు, దుంగల గుడిసెలు, బురద. గుండీలు తెగక ఏమవుతాయి!

డాలులో ‘ఐ’ ఉంటే పదాతిదళ అధికారిది. ‘సి’ అయితే అశ్వికదళం, ‘ఎ’ అయితే ఫిరంగిదళం. 1854 నుంచి మామూలు సిపాయికి అక్షరం లేని డేగే ఇచ్చేవారు కాబట్టి మీ రెండో గుండీ ఏ సిపాయి కోటుదో అయి ఉంటుంది. దక్షిణాది వాళ్లూ ‘ఐ’ వాడారు గానీ, వాళ్ల గుండీల మీద డేగ లేకుండా ఒట్టి అక్షరమే పెద్దదిగా కనబడుతుంది. మీ దగ్గరున్నది అది కాదు.

అసలు ఆనవాలు వెనకవైపు ఉంటుంది. చీకటి గదిలో ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టి చూడండి, అరిగిపోయిన అక్షరాలు కూడా లేస్తాయి. ‘స్కోవిల్ మాన్యుఫాక్చరింగ్, వాటర్‌బరీ’ అని ఉందా? ఆ పేరుతో కంపెనీ ఏర్పడింది 1850లో, కాబట్టి గుండీ అంతకు ముందుది కాదు.

లంగరు గుండీ మెరైన్లది, అంటే నౌకాదళంతో కలిసి పనిచేసే అమెరికా సైనికులది. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మీ పక్కనే క్వాంటికోలో 1917 నుంచి మెరైన్ల స్థావరం ఉంది, గుండీ బొమ్మేమో తరాలుగా పెద్దగా మారలేదు. నిన్నమొన్నటిదైనా కావచ్చు.

మీవారికి ఒక మాట. సొంత పెరడు సరే, పక్కవాళ్ల స్థలమైతే అడిగి తవ్వాలి. ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధభూమి జాతీయ పార్కు కాబట్టి అక్కడ డిటెక్టర్ పట్టుకుని తిరగడమే నేరం. తవ్వి తీస్తే 1979 నాటి పురావస్తు చట్టం కింద జరిమానాతో పాటు జైలు కూడా పడొచ్చు.